గోడల వెనుక – 7: ఏర్వాడికి దారి వేసిందెవరు?

పోయిన భాగం హజారీబాగ్ కేంద్ర కారాగారం దగ్గర ఆగింది. మతిస్థిమితం లేదని లోపల వేసి, తర్వాత కుదుటపడినా పట్టించుకునే నాథుడు లేక ఇరవై ముప్పై ఏళ్లు అక్కడే మగ్గిపోయిన మనుషులున్నారు. వాళ్ల గురించి ఒక న్యాయ సహాయ సంఘం రాసిన ఉత్తరాన్ని 1980ల మొదట్లో సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించడం చూశాం. వాళ్లు బందీలుగా ఉన్న కాలమంతా దేశంలో నడిచింది 1912 నాటి లూనసీ చట్టం. 1858లో, కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన ఏడాదే, పుట్టిన మూడు చట్టాలకు అది వారసురాలు. పిచ్చాసుపత్రుల పెత్తనాన్ని జైళ్ల అధికారుల నుంచి వైద్యులకు మార్చింది గానీ, మనిషిని లోపలికి పంపే కలాన్ని మాత్రం మేజిస్ట్రేటు చేతిలోనే ఉంచింది. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే 40 కోట్ల జనానికి ఉన్నవి సుమారు 10,000 పడకలు. ఆ చీకట్లో అమృత్‌సర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగి పక్కన రోగి కుటుంబాన్ని కూడా ఉంచిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఈ భాగానికి ఆ గుడారాలతో మళ్లీ పని పడుతుంది. ఇప్పుడు చెప్పబోయేది 1987 నుంచి 2002 వరకు పదిహేనేళ్ల కథ. ఆ కాలంలో కొత్త చట్టం వచ్చింది, అమలు మొదలైంది, ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఒక తెల్లవారుజామున తమిళనాడు తీరంలో తాటాకుల పాక తగలబడింది. అందులోని మనుషులు పారిపోలేకపోయారు, ఎందుకంటే వాళ్ల కాళ్లకు గొలుసులున్నాయి. ఆ గొలుసులు వేసింది మూఢనమ్మకమని అప్పుడు దాదాపు అందరూ అన్నారు. ఆ జవాబు పట్టుకుని కూర్చుంటే అసలు ముద్దాయిలు తప్పించుకుంటారని నా వాదన.

1912 చట్టానికి కాలం చెల్లిందని మొదట గట్టిగా చెప్పింది వైద్యులే. 1947లో ఏర్పడిన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 1950లోనే కొత్త చట్టానికి ముసాయిదా రాసి ప్రభుత్వం చేతిలో పెట్టింది. అది పార్లమెంటు దాటి రాష్ట్రపతి సంతకం పొందేసరికి 1987 మే వచ్చింది. నియమావళి రాయడానికి 1990 దాకా పట్టింది. చివరికి 1993 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. లెక్క వేస్తే 43 ఏళ్లు. ఇంత జాప్యం ఎందుకంటే, మన రాజ్యాంగం ఈ విషయాన్ని రెండు ముక్కలు చేసి పెట్టింది. ఆసుపత్రులు, ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మతిస్థిమితం లేనివారు, వారిని చేర్చుకునే చోట్లు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. చట్టం చేయాల్సింది ఢిల్లీ, డబ్బు పెట్టి ఆసుపత్రి నడపాల్సింది రాష్ట్రం. ఇలాంటి చోట ఫైలు ఒకరి బల్ల మీద నుంచి మరొకరి బల్ల మీదకు వెళ్లడం తప్ప మరేం జరుగుతుంది? ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించిన మనిషికి ఈ దేశంలో ఓటు లేదు. ఓటు ఉన్నవాళ్ల సమస్యలకే దశాబ్దాలు పట్టే చోట, ఓటు లేనివాళ్ల చట్టానికి 43 ఏళ్లు పట్టడం వింతేమీ కాదు.

వచ్చిన చట్టం మంచిదా చెడ్డదా అని ఒక్కమాటలో తేల్చడం అన్యాయం. పాత చట్టంలోని అవమానకరమైన పేర్లు పోయాయి. రోగి తనంతట తాను వచ్చి చేరే దారి సులువైంది. బంధువుల దరఖాస్తు, ఇద్దరు వైద్యుల ధ్రువపత్రాలు ఉంటే కోర్టు గుమ్మం తొక్కకుండానే 90 రోజుల దాకా చేర్చుకునే వీలు వచ్చింది. ప్రతి ఆసుపత్రికీ నెలనెలా తనిఖీ చేసే సందర్శకుల బృందం ఉండాలన్నారు. చికిత్స పొందే మనిషిని శారీరకంగా గానీ మానసికంగా గానీ అవమానించకూడదు, క్రూరంగా చూడకూడదు అని తొలిసారి ఒక అధ్యాయమే రాశారు. ప్రైవేటు వాళ్లు నడిపే ప్రతి మానసిక వైద్యశాలకూ లైసెన్సు తప్పనిసరి చేశారు. బాగానే ఉంది. అయితే లైసెన్సు లేకుండా నడిపితే మొదటి తప్పుకు శిక్ష ఏమిటో చూడండి: మూడు నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఒక రోగిని నెలపాటు ఉంచుకున్నందుకు ఇంటివాళ్ల దగ్గర వసూలు చేసే సొమ్ములో ఈ జరిమానా కట్టేసి ఇంకా మిగుల్చుకునే వీలుండేది. పైగా ప్రభుత్వం నడిపే ఆసుపత్రులకు లైసెన్సు నిబంధనే వర్తించేది కాదు. వాటి పరిస్థితి ఎలా ఉందో కాసేపట్లో చూద్దాం.

చట్టం అమల్లోకి వచ్చిన నాలుగు నెలలకే దాని బలమెంతో తేలిపోయింది. పశ్చిమ బెంగాల్ జైళ్లలో ఏ నేరమూ చేయని మానసిక రోగులు పెద్ద సంఖ్యలో ఉన్నారని పాత్రికేయురాలు షీలా బార్సే సుప్రీంకోర్టుకు వెళ్లారు. వీధిలో తిరుగుతున్న మనిషిని పోలీసులు పట్టుకునేవారు, మేజిస్ట్రేటు ‘భద్రత కోసం’ అని రాసి జైలుకు పంపేవాడు. ఆసుపత్రిలో ఖాళీ లేదు కాబట్టి ఆ భద్రత ఏళ్ల తరబడి సాగేది. 1993 ఆగస్టులో కోర్టు తేల్చి చెప్పింది: నేరం చేయని మానసిక రోగిని జైల్లో పెట్టడం చట్టవిరుద్ధం, రాజ్యాంగవిరుద్ధం. తీర్పు చరిత్రాత్మకమే, సందేహం లేదు. కానీ జైలు వద్దన్న తర్వాత ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. న్యాయస్థానం ఒక తలుపు మూయగలదు. కొత్త తలుపు తెరవాలంటే డాక్టరు కావాలి, మందు కావాలి, బస్సు చార్జీకి అందే దూరంలో ఒక గది కావాలి.

ఆ దూరం సంగతే ఈ కథకు ప్రాణం. 1990ల చివర దేశం మొత్తానికి ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలు 37, వాటిలో పడకలు 18,000 పైచిలుకు. తమిళనాడు అంతటికీ చెన్నై కీళ్పాక్‌లోని సంస్థ ఒక్కటే. రామనాథపురం నుంచి అక్కడికి 500 కిలోమీటర్లు దాటుతుంది. మన దగ్గర అప్పటి 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు రెండు: ఒకటి విశాఖలో చినవాల్తేరు, రెండోది హైదరాబాద్‌లో ఎర్రగడ్డ. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న పాత ఆసుపత్రే 1950లలో ఎర్రగడ్డకు తరలి వచ్చింది. అనంతపురం జిల్లా రైతు కుటుంబమైనా, ఆదిలాబాద్ గోండు గూడెమైనా, పిల్లవాడి ప్రవర్తన మారితే పోవాల్సింది అక్కడికే. పోవడమంటే ఒక్కసారితో తీరేదా? మందు రాసిస్తారు, నెల తర్వాత మళ్లీ రమ్మంటారు. ప్రయాణంలో ఎదురు తిరిగే మనిషిని బస్సులో పట్టుకుని కూర్చోవడానికి ఇద్దరు మగవాళ్లు వెంట ఉండాలి, అంటే ఇద్దరి కూలీ పోయినట్టే. మూడో నెలకో నాలుగో నెలకో ప్రయాణం ఆగుతుంది, మందు ఆగుతుంది, జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు ఆ ఇల్లు చేరే తీర్మానం ఒకటే: ఇది డాక్టర్ల వల్ల అయ్యేది కాదు. ఆ తీర్మానం అజ్ఞానం నుంచి పుట్టిందని అనడానికి నాకు నోరు రాదు. తమ చేతిలో ఉన్న అనుభవాన్ని బట్టి వాళ్లు సరిగ్గానే ఆలోచించారు.

దారి తెలియక ఇలా జరిగిందా అంటే అదీ కాదు. బెంగళూరు నిమ్‌హాన్స్ నిపుణులు 1980ల మధ్యలో బళ్లారి జిల్లాలో ఒక ప్రయత్నం చేసి చూపించారు. ఒకప్పటి దత్తమండలాల జిల్లా అది, తెలుగు మాట వీధివీధినా వినిపించే చోటు. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు, ఆరోగ్య కార్యకర్తకు కొన్నాళ్ల శిక్షణ ఇచ్చి, నాలుగైదు రకాల మందులు అందుబాటులో పెట్టి, ఊళ్లోనే మూర్ఛకు, మతిభ్రమణానికి వైద్యం మొదలుపెట్టారు. జబ్బుల్లో ఎక్కువ భాగాన్ని ఇంటి దగ్గరే అదుపులో పెట్టవచ్చని తేలింది. అంతకుముందే 1982లో కేంద్రం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రకటించి ఉంది, దాని లక్ష్యం కూడా ఇదే. బళ్లారి నమూనాను దేశానికి పంచడం మాత్రం 1996లో మొదలైంది, అది కూడా నాలుగు జిల్లాలతో. ఆ నాలుగింటిలో మన మెదక్ ఒకటి. 2002 నాటికి అవి 27కు చేరాయి. 2001 జనగణన ప్రకారం దేశంలో జిల్లాలు 593. ఈ కార్యక్రమానికీ 1987 చట్టానికీ మధ్య వంతెన లేకపోవడమే నా దృష్టిలో అసలు లోపం. చట్టం ఆసుపత్రి గేటు గురించి మాట్లాడింది: ఎవరు లోపలికి రావచ్చు, ఎవరు ఎప్పుడు బయటికి పోవచ్చు, రోగి ఆస్తి ఎవరు చూడాలి. కార్యక్రమం ఊరి గురించి మాట్లాడింది, కానీ దానికి చట్టం బలం లేదు. మా ఆరోగ్య కేంద్రంలో మానసిక వైద్యం అందడం లేదని నిలదీయడానికి 1987 చట్టం రోగి చేతిలో ఒక్క సెక్షన్ కూడా పెట్టలేదు. బంధించేటప్పుడు పాటించాల్సిన పద్ధతి చట్టానికెక్కింది, బంధించే అవసరమే రాకుండా చూసే వైద్యం ప్రభుత్వ దయకు మిగిలిపోయింది.

ఆ ఖాళీలోకే ఏర్వాడి వచ్చింది. రామనాథపురం జిల్లా సముద్ర తీరంలో, సుల్తాన్ సయ్యద్ ఇబ్రహీం షహీద్ సమాధి ఉన్న దర్గా అది. అక్కడికి హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. తమిళనాడు నుంచే కాకుండా పొరుగు రాష్ట్రాల నుంచి కూడా రోగులను తీసుకొచ్చేవారు. దర్గా దీపంలోని నూనె ఒంటికి రాసి, పవిత్ర జలం తాగించి, కలలో పిలుపు వచ్చేదాకా ఆగేవారు. ‘ఇక ఇంటికి పో’ అన్న ఆజ్ఞ కలలో వినపడితేనే నయమైనట్టు. అది రెండు నెలల్లో రావచ్చు, ఏళ్లు పట్టవచ్చు. అంతకాలం ఇంటిల్లిపాదీ అక్కడ ఉండలేరు కదా. వెనక పొలం ఉంది, చిన్నపిల్లలున్నారు, అప్పులున్నాయి. అందుకని దర్గా చుట్టూ ‘మెంటల్ హోమ్’లు వెలిశాయి. వాటిని పెట్టినవాళ్లలో చాలామంది, విచిత్రంగా, ఒకప్పుడు తమ బంధువుకు నయం కావాలని అక్కడికి వచ్చి ఉండిపోయినవాళ్లే. డబ్బు తీసుకుని మిగతావాళ్ల బంధువులను కూడా చూసుకోవడం మొదలుపెట్టారు. చూసుకోవడమంటే పగలు చెట్టుకు తాడుతో కట్టడం, రాత్రి మంచానికి గొలుసు వేయడం, మాట వినకపోతే బెత్తం. వైద్యుడు లేడు, నర్సు లేదు, లైసెన్సు లేదు. జిల్లా యంత్రాంగానికి ఇదంతా తెలియదని ఎవరూ నమ్మరు. బస్సు దిగిన యాత్రికుడికి కనిపించేది కలెక్టరు కంటికి కనపడకుండా ఎలా పోతుంది?

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున బాదుషా హోమ్ పాకకు నిప్పంటుకుంది. నిప్పు ఎలా రాజుకుందో తేలలేదు. లోపల నలభై మందికి పైగా ఉన్నారు. తాటాకు కప్పు కూలుతుంటే గొలుసు లేనివాళ్లు, ఎలాగో విడిపించుకున్నవాళ్లు బయటపడ్డారు. 25 మంది అక్కడికక్కడే కాలిపోయారు, తర్వాత మృతుల సంఖ్య 28కి చేరింది. వారం తిరిగేసరికి, ఆగస్టు 13న, రాష్ట్ర ప్రభుత్వం ఏర్వాడిలోని ఆ తరహా హోమ్‌లన్నిటినీ మూసేసి 500 మందికి పైగా రోగులను తన సంరక్షణలోకి తీసుకుంది. విచారణకు రామదాస్ కమిషన్ వేశారు. హోమ్ యజమానికి, అతని భార్యకు, ఇద్దరు బంధువులకు 2007లో ఏడేళ్ల జైలు శిక్ష పడింది. వార్తల వరకు కథ అక్కడితో ముగిసింది.

ముగియకూడని చోట ముగిసింది. మూఢనమ్మకమే కారణమన్న వాళ్ల వాదనను ముందు తీసుకుందాం. దర్గాలకు, గుళ్లకు వెళ్లడం మాన్పిస్తే ఇలాంటివి జరగవని వాళ్లు అన్నారు. నమ్మకం ఉంటే గొలుసు దానంతట అదే వస్తుందా? ఏర్వాడి దుర్ఘటన జరిగిన మరుసటి ఏడాదే నిమ్‌హాన్స్ వైద్యులు కొందరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం అచ్చువేశారు. అదే తమిళనాడులో, ఒక పల్లెలోని ముత్తుస్వామి గుడికి మానసిక రోగులు వస్తారు. కుటుంబసభ్యుడొకరు తోడుండాలి. గుడి ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం లాంటి చిన్న చిన్న పనులు చేసుకుంటూ కొన్ని వారాలు ఉంటారు. గొలుసు లేదు, దెబ్బ లేదు, మందూ లేదు. 31 మందిని వచ్చినప్పుడు, వెళ్లేముందు పరీక్షిస్తే జబ్బు లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గింది. 31 మంది చాలా తక్కువ, పోల్చి చూడటానికి వేరే బృందం లేదు, కాబట్టి గుడి వైద్యం చేస్తుందని దీన్ని బట్టి చెప్పలేం, నేను చెప్పడమూ లేదు. చెప్పగలిగింది ఇది: అదే రాష్ట్రంలో, అదే రకం భక్తితో, అదే జబ్బున్న మనుషులు గొలుసు లేకుండా ఉండగలిగారు. తేడా ఎక్కడుంది? ఆ గుడిలో రోగి పక్కన తనవాళ్లున్నారు. ఏర్వాడి హోమ్‌లో ఇల్లు దూరమైపోయి, ఆ స్థానంలోకి డబ్బు తీసుకుని కాపలా కాసేవాడు వచ్చాడు. కాపలాకు మనుషులు తక్కువైన కొద్దీ ఇనుము ఎక్కువవుతుంది. ఇది భక్తి సూత్రం కాదు, కాపలా సూత్రం.

ఆ సూత్రం సర్కారు ఆసుపత్రుల్లో కూడా పనిచేసింది. 1997లో సుప్రీంకోర్టు రాంచీ, ఆగ్రా, గ్వాలియర్ ఆసుపత్రులపై కన్నేసి ఉంచమని జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు అప్పగించింది. కమిషన్ నిమ్‌హాన్స్‌తో కలిసి దేశంలోని 37 ఆసుపత్రులనూ పరిశీలించి 1999లో నివేదిక ఇచ్చింది. జైలును తలపించే ఎత్తయిన గోడలు, తాళాలు వేసిన వార్డులు, ఒంటరి కొట్లు, నేల మీద పడుకునే రోగులు, మరుగుదొడ్లకు తలుపులు కరువు. ఇవన్నీ చదువుకున్న వైద్యుల సంరక్షణలో, ప్రభుత్వ ఖర్చుతో నడుస్తున్న చోట్లే. అక్కడ గొలుసు బదులు గోడ ఉంది. ఏర్వాడి పాకలో ఉన్నవాడు మూఢనమ్మకానికి బలయ్యాడంటే, ఈ గోడల లోపల ఇరవై ఏళ్లున్నవాడు దేనికి బలయ్యాడని చెప్పాలి?

రెండో వాదన న్యాయవాదులది, కొంత బలమైనది కూడా. చట్టంలో లోపం లేదు, అమలులోనే ఉంది అంటారు వాళ్లు. చట్టాన్ని సరిగ్గా అమలు చేసి ఉంటే లైసెన్సు లేని ఆ హోమ్ 1993లోనే మూతపడేది. నిజమే. చాలా రాష్ట్రాలు చట్టం ఏర్పాటు చేయమన్న రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థలను కాగితం మీద కూడా సరిగా నిలబెట్టలేదు, నిలబెట్టిన చోట వాటికి సిబ్బంది లేరు, నిధులు లేవు. కానీ ఒక్క ప్రశ్న వేసుకుందాం. 1993లోనే అధికారి వెళ్లి తాళం వేశాడనుకుంటే లోపలివాళ్లు ఎక్కడికి పోయేవారు? జవాబు ఊహించనక్కర్లేదు, 2001లో అదే జరిగింది కాబట్టి మనకు తెలుసు. హోమ్‌లు మూసేశాక కొందరిని ఇళ్లకు పంపారు, మరికొందరిని కీళ్పాక్‌కు తరలించారు. అప్పటికే కిక్కిరిసిన పాత గోడల మధ్యకు. ఊరిలో చికిత్స లేనంతకాలం, మూసిన ప్రతి హోమ్ స్థానంలో ఇంకోచోట ఇంకోటి లేస్తుంది, లేదా ఇంట్లోనే వెనక గదికి గొలుసు చేరుతుంది. అమలు చేయాల్సిన చట్టంలోనే ఊరి చికిత్స అన్న ఆ రెండో సగం రాయలేదన్నది నా అభ్యంతరం.

మూడో వాదన అన్నిటికన్నా కఠినం. కన్నవాళ్లే వదిలించుకున్నారు, కుటుంబాలే దోషులు అని. వదిలించుకున్నవాళ్లు లేకపోలేదు. ఆస్తి కోసం చేర్చినవాళ్లు, మళ్లీ ముఖం చూపనివాళ్లు ప్రతి ఆసుపత్రి రిజిస్టరులోనూ కనిపిస్తారు. ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో. భర్త చేర్చిపోయిన భార్యను అత్తింటివాళ్లు వద్దంటారు, పుట్టింటివాళ్లు మాది కాదంటారు. దాన్ని కప్పిపుచ్చాల్సిన పనిలేదు. అయినా కుటుంబ స్వభావమే కారణమైతే, అమృత్‌సర్ గుడారాల్లోకి ఆ కుటుంబాలు ఎందుకు వచ్చాయి? విద్యాసాగర్ వాళ్లకు ఉపన్యాసాలిచ్చి మార్చలేదు. పడుకోవడానికి చోటు చూపించాడు, జబ్బు గురించి విడమరిచి చెప్పాడు, మనిషి కోలుకోవడం వాళ్ల కళ్లతో వాళ్లే చూసేలా చేశాడు. కోలుకున్న మనిషిని ఇంటికి తీసుకెళ్లారు. ఏర్వాడిలో బంధువును ఉంచి నెలనెలా డబ్బు పంపిన ఇల్లు, ఆ మనిషిని పూర్తిగా తెంచుకున్న ఇల్లు కాదు. ఏం చేయాలో తోచక, కొనగలిగిన ఒకే ఒక్క ఏర్పాటును కొనుక్కున్న ఇల్లు.

ఇప్పుడు ఢిల్లీకి వద్దాం. పత్రికల్లో ఏర్వాడి వార్త చూసి సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. దానికి సార్థక్ అనే స్వచ్ఛంద సంస్థ పిటిషన్ తోడైంది. అక్కడే రెండు వర్గాల మధ్య ఎప్పటినుంచో రగులుతున్న పోరు బయటపడింది. మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా కరెంటు షాక్ పెట్టే పద్ధతిని నిషేధించాలని సార్థక్ అడిగింది. మానసిక వైద్యుల్లో కొందరు దాన్ని తమ వృత్తి మీద దాడిగా తీసుకున్నారు. జిల్లా ఆసుపత్రిలో మత్తు డాక్టరు దొరకడు, ఆత్మహత్యకు తెగబడే రోగి ఎదురుగా ఉంటాడు, ఆ క్షణంలో నన్నేం చేయమంటారు అన్నది వాళ్ల ప్రశ్న. సౌకర్యం లేదన్న కారణంతో ఎముకలు విరిగే ప్రమాదమున్న చికిత్స పేదవాడికి మాత్రమే చేస్తారా అన్నది హక్కులవాళ్ల ఎదురు ప్రశ్న. నా తూకం రెండోవారి వైపే మొగ్గుతుంది. కానీ మొదటివారి ప్రశ్నను వినకుండా తోసేసినందువల్లే తర్వాతి కాలంలో ఈ రెండు వర్గాలూ ఒక బల్ల దగ్గర కూర్చోలేకపోయాయని కూడా అనిపిస్తుంది. ఒకరు సేవ గురించే మాట్లాడారు, ఇంకొకరు స్వేచ్ఛ గురించే. రోగికి రెండూ కావాలి.

2002 ఫిబ్రవరి 5న కోర్టు ఇచ్చిన ఆదేశాలు చాలా ఉన్నాయి. ప్రతి రాష్ట్రం జిల్లాలవారీగా సర్వే చేసి, రిజిస్టరైనవీ కానివీ మానసిక రోగులను ఉంచుకునే చోట్లన్నిటినీ లెక్క తీయాలి. రోగిని గొలుసుతో కట్టడం నేరమని, దర్గాకో గుడికో కాకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని ప్రచారం చేయాలి. ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండాలి. సర్వే ఆదేశానికి విలువ ఉంది, ఎందుకంటే ఎక్కడెవరు బందీగా ఉన్నారో అంతవరకు లెక్కే లేదు. చివరి ఆదేశం దగ్గరే నాకు పేచీ. రాష్ట్రానికో ఆసుపత్రి ఉంటే చాలనుకుంటే తమిళనాడుకు అది ఎప్పుడో ఉంది. కీళ్పాక్ ఆసుపత్రి మొదలైంది 1871లో. 130 ఏళ్ల నుంచి ఉన్న ఆసుపత్రి ఏర్వాడిని ఆపలేకపోయినప్పుడు, అలాంటిదే మరోచోట కట్టమనడంలో తర్కం ఏముంది? బళ్లారి లెక్కలు, మెదక్ అనుభవం ఢిల్లీకి తెలియనివి కావు. అయినా గొలుసుకు మందు అడిగితే చేయి మళ్లీ గోడ వైపే చూపించింది.

ఏర్వాడికి అసలు సమాధానం ఒక దశాబ్దం ఆలస్యంగా, కోర్టు ఆదేశాల్లో లేని దారిన వచ్చింది. గుజరాత్‌లోని మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడి ముజావర్లతో మాట్లాడి, దర్గా ఆవరణలోనే మానసిక వైద్యుడిని కూర్చోబెట్టారు. ముందు ప్రార్థన, తర్వాత మాత్ర. దానికి ‘దవా–దువా’ అని పేరు పెట్టారు. ఆ పద్ధతే ఆ తర్వాత ఏర్వాడికి కూడా వచ్చింది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుటుంబం అదే ప్రాంగణంలో మందు కూడా తీసుకుంటోంది. భక్తి వదులుకోమని ఎవరూ అడగలేదు. వైద్యం దగ్గరికి వచ్చేసరికి గొలుసుతో పని తగ్గింది. మూఢనమ్మకమే మూలకారణం అయ్యుంటే ఇది జరిగేది కాదు.

అయితే దర్గాలో డాక్టరు కూర్చున్నా, మందు ఇంటి ముంగిటికి వచ్చినా, ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది: రోగి వద్దంటే? ఇంతవరకు ఈ ధారావాహికలో రోగి తరఫున రాజు మాట్లాడాడు, మేజిస్ట్రేటు మాట్లాడాడు, డాక్టరు, తండ్రి, భర్త, జడ్జి మాట్లాడారు. రోగి మాట ఎక్కడా చట్టంలోకి ఎక్కలేదు. వచ్చే భాగంలో ఆ మాట న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి సమావేశ మందిరంలో వినిపిస్తుంది. 2006లో వికలాంగుల హక్కుల ఒడంబడిక రూపుదిద్దుకున్న ఆ చర్చల్లో హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు అమితా ధండా వాదించిందేమిటి, 2007 అక్టోబరులో భారత్ దాన్ని ధ్రువీకరించాక 1987 చట్టాన్ని సవరించాలా, కొత్తది రాయాలా అని వైద్యులకూ హక్కుల సంఘాలకూ మధ్య సాగిన పదేళ్ల పోరు ఏమిటి, చివరికి 2017 చట్టంలో ‘నాకు జబ్బు ముదిరినప్పుడు ఇలా చేయండి, ఇలా చేయకండి’ అని రోగి ముందే రాసిపెట్టుకునే హక్కు ఎలా చోటు సంపాదించుకుందో అందులో చూద్దాం.